పన్నెండు పలకలు

సెలవులకి మార్కాపురంలో బస్సు దిగినప్పుడు
నా సంచిలో మూడు స్కెచ్ పుస్తకాలు,
ముక్కుపొడి డబ్బాలో చెక్కిన పెన్సిళ్లు,
మా సారు విసుగ్గా అన్న మాట ఒకటి:
"నడక పట్టుకురా. మిగతావి తర్వాత చూద్దాం."

మొదటి వారం గీసినవన్నీ నిలబడిపోయాయి.
మేక నిలబడింది. ఆటో నిలబడింది.
టీ అంగడి ముందు గ్లాసులు కడిగే ఓబులేసు
నీళ్లు చిమ్ముతూ చిమ్ముతూ రాయైపోయాడు.
మధ్యాహ్నం నలభై నాలుగు డిగ్రీలు.
నా చెమట చుక్క పడి వాడి మోచెయ్యి అలుక్కుపోతే
పేజీ మొత్తంలో అదొక్కటే కదిలినట్టుంది.

పక్కింటి కాశింబత్త పలకల ఫ్యాక్టరీకి పోతుంది,
తెల్లారి ఐదున్నరకి, టిఫిన్ డబ్బా ఊపుకుంటూ.
తొమ్మిది రోజులు ఆమె వెనకే నడిచాను
దొంగలా, పుస్తకం పొట్టకి ఆనించుకుని.
కుడికాలు మామూలుగా పడుతుంది.
ఎడమకాలు నేలని అడిగి పడుతుంది.
ఆ అడగడం ఎక్కడుందో చిక్కలేదు,
మడమలోనా, నడుములోనా,
డబ్బా పట్టుకున్న చేతిలోనా?
కాగితం మీద నా కాశింబత్త ఉత్తినే కుంటింది.

బళ్లో వేసవి శిబిరం నన్నే నడపమన్నారు.
ట్యాబులొస్తాయన్నారు, రాలేదు.
ఆ సంగతి విని ఫ్యాక్టరీ నుంచి అత్త
గోతం సంచిలో మోసుకొచ్చింది
అంచులు విరిగి అమ్ముడుపోని పలకలు పన్నెండు.
"పనికొస్తయ్యేమో సూడమ్మే."

పద్నాలుగు మంది పిల్లలు, పన్నెండు పలకలు,
తలకిందులుగా స్టూలుకి కట్టిన నా ఫోను.
సెకనుకి పన్నెండు బొమ్మలంటే
మస్తాను మూతి ముడిచాడు:
"ఇంత గీస్తే ఒక్క సెకనేనా, బొమ్మలక్కా?"
ఉమ్మితో చెరపొద్దన్నాను. విన్నదెవరు!
మహబూబ్‌చాను మాత్రం కంచె మీది దొండాకు తెచ్చి
పలకని పాత రోజుల్లోలాగా నల్లగా రుద్దింది.
నాలుగో రోజుకి
మా తొండ తల ఊపింది.
ఒకటే సెకను. ముప్పైసార్లు చూశారు.
ఊపినప్పుడల్లా పద్నాలుగు తలలు ఊగాయి.

ఆ రాత్రి పలకలన్నీ మిద్దె మీద పరిచాను.
తడి ఆరేకొద్దీ
చెరిపేసిన తొండలు లేతగా పైకి తేలుతున్నాయి.
ముందు బొమ్మ మీద తర్వాతి బొమ్మ కనబడడానికి
మా కాలేజీ కంప్యూటర్లో ఒక బటన్ ఉంది.
ఇక్కడ రాయే గుర్తుపెట్టుకుంటోంది.
ఆ నీడ గీతల మీదే బలపంతో
అత్త కాలు గీయడం మొదలుపెట్టాను.
మూడో పలక, నాలుగో పలక...
అప్పుడు తెలిసింది నేను చేస్తున్న తప్పు.
అడుగులన్నిటికీ కాలాన్ని సమానంగా పంచుతున్నాను.
ఆమెకి ఎవరు పంచారట అలా?
నాలుగో పలకని రెండుసార్లు ఫొటో తీశాను.
గాల్లో ఆగిన ఎడమకాలు
నేలని అడిగింది.
తర్వాత పడింది.

పొద్దున ఫోను ఆమె చేతికిచ్చాను.
నాలుగుసార్లు చూసింది. నవ్వలేదు.
"ఏందమ్మే, నేనిట్టా నడస్తన్నానా?"
ఏం చెప్పాలో తెలియక
బ్యాటరీ ఎంతుందో చూస్తున్నట్టు నటించాను.

నలభై రోజుల ఎండకి
సారుకి చూపించేది ఒక సెకను,
దాని మీద ఆగిన కాలొకటి.
రెండు పుస్తకాలు తెల్లగానే మిగిలాయి.

మర్నాడు ఐదున్నరకి గుమ్మంలో కూచున్నాను.
చూస్తున్నానని ఆమెకి తెలుసు.
వీధి పొడుగునా రెండు కాళ్లూ ఒక్కలాగే వేసింది,
డబ్బా కూడా ఊపకుండా,
పెళ్లి ఫొటోకి నిలబడ్డట్టు బిగుసుకుని.
కరెంటు స్తంభం దాటాక మరిచిపోయింది.
పెన్సిలు నా చేతిలోనే ఉంది.
ఆ రోజు గీయలేదు.